వారానికో కొత్త బొమ్మ ఎందుకు? అదే బొమ్మ మళ్లీ గీయనివ్వండి

ప్రశ్న: నేను ఒక పాఠశాలలో డ్రాయింగ్ టీచర్‌ని. ఒక్కో సెక్షన్‌కు వారానికి ఒకటే పీరియడ్, నలభై నిమిషాలు. వారానికో టాపిక్ ఇస్తాను. బాగా వేసినవాళ్ల షీటు మీద స్టార్ పెట్టి బోర్డుకు అంటిస్తాను. చిన్న తరగతుల పిల్లలు హుషారుగా వేస్తారు. పదేళ్లు దాటేసరికి ‘నాకు బొమ్మలు రావు మిస్’ అంటూ షీటు మీద చెయ్యి అడ్డం పెట్టేసుకుంటారు. వేసేవాళ్లవి కూడా రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, పక్కన ఒక ఇల్లు. అన్నీ ఒకేలా ఉంటాయి. ఇప్పుడు మా యాజమాన్యం అన్ని సబ్జెక్టుల టీచర్లనూ ‘నిరంతర అభివృద్ధి ప్రణాళిక’ రాసివ్వమంది. లెక్కల టీచర్ మార్కుల గ్రాఫ్ చూపిస్తున్నారు. నేనేం చూపించాలి? పిల్లల్లో సృజన పెరుగుతోందో లేదో ఎలా తెలుస్తుంది? ఏళ్ల తరబడి అవే టాపిక్‌లు చెబుతూ అసలు నా ఎదుగుదలే ఆగిపోయిందేమోనని టెన్షన్‌గా ఉంది.

– ఒక డ్రాయింగ్ టీచర్

సమాధానం:

టీచర్ గారూ,

బొమ్మలన్నీ ఒకేలా ఉంటున్నాయని మీరు బాధపడ్డారు చూడండి, యాజమాన్యానికి ఇవ్వాల్సిన జవాబు సగం ఆ మాటలోనే ఉంది. నిరంతర అభివృద్ధి అనే పద్ధతి ఫ్యాక్టరీల్లో పుట్టింది. 1920లలో అమెరికాలో టెలిఫోన్ పరికరాల నాణ్యత మీద పనిచేసిన వాల్టర్ షూహార్ట్, ఒక వస్తువుకూ ఇంకో వస్తువుకూ మధ్య వచ్చే తేడాలను లెక్కగట్టి అదుపులో పెట్టే దారి చూపించారు. 1950లో అమెరికన్ గణాంక నిపుణుడు ఎడ్వర్డ్స్ డెమింగ్ వెళ్లి ఆ పద్ధతులను జపాన్ ఇంజనీర్లకు నేర్పారు. తేడాలు ఎంత తగ్గితే అక్కడ అంత అభివృద్ధి. మీ క్లాసులో జరగాల్సింది దీనికి పూర్తిగా తలకిందులు. నలభై మంది పిల్లలు ఒకే పని చేసి నలభై రకాల బొమ్మలు తెచ్చిన రోజున ఆ క్లాసు ఎదిగినట్టు. కాబట్టి లెక్కల టీచర్ గ్రాఫ్‌తో పోటీ పెట్టుకోకండి, అది మీ కొలత కాదు.

అయితే ఆ పద్ధతిలో మనకు పనికొచ్చే ముక్క ఒకటి ఉంది: చిన్న మార్పు చేయడం, ఏమైందో చూడడం, చూసినదాన్నిబట్టి మళ్లీ చేయడం. ఈ ‘మళ్లీ చేయడం’ అనేదే మీ క్లాసులో లేదు. వారానికో టాపిక్ అంటే ప్రతి పిల్లకూ ప్రతి బొమ్మకూ ఒకటే అవకాశం. నలభై నిమిషాల్లో తోచింది వేయాలి, ఇచ్చేయాలి, వచ్చేవారం ఇంకోటి. సంగీతం నేర్పేవాళ్లు పిల్లచేత ఒక పాటను ఒక్కసారే పాడించి వదిలేస్తారా? నాటకం వేయించేవాళ్లు రిహార్సల్ లేకుండా తెర తీస్తారా? డ్రాయింగ్ దగ్గరికొచ్చేసరికి మాత్రం మొదటిసారి గీసిందే ఫైనల్ అయిపోతోంది. తొందరలో ఎవరైనా తమకు అలవాటైన బొమ్మే గీస్తారు, అందుకే ఆ రెండు కొండలూ సూర్యుడూ.

ఇక పదేళ్ల దగ్గర ఏం జరుగుతోందో చెబుతాను. ఇందులో మీ తప్పేమీ లేదు, పిల్లల తప్పూ లేదు. పిల్లల బొమ్మలను ఏళ్లపాటు పరిశీలించిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1940లలోనే దీన్ని వివరించారు. సుమారు ఏడు నుంచి తొమ్మిదేళ్ల మధ్య పిల్లలకు ప్రతి వస్తువుకూ ఒక ఖాయమైన గుర్తు ఏర్పడుతుంది. ఇల్లంటే ఇలా, చెట్టంటే ఇలా, మనిషంటే ఇలా అని. ఆ గుర్తుతో వాళ్లు పూర్తి తృప్తిగా ఉంటారు. తొమ్మిది దాటాక, ముఖ్యంగా పదకొండు పన్నెండేళ్లకు, తమ బొమ్మ నిజం వస్తువులా లేదని వాళ్ల కంటికే తెలిసిపోతుంది. కన్ను ముందుకు వెళ్లిపోయింది, చెయ్యి ఇంకా వెనకే ఉంది. ‘నాకు బొమ్మలు రావు’ అన్న పిల్ల నిజానికి నిరుటికంటే బాగా చూడగలుగుతోంది. ఆ సంగతి ఆ పిల్లకు మీరే చెప్పాలి, ఇదే మాటల్లో చెప్పినా ఫరవాలేదు.

ఈ వయసులో ‘మీ ఇష్టం, ఏదైనా వేయండి’ అని వదిలేయడం దయలా కనిపిస్తుంది గానీ పిల్లలను ఒంటరిని చేస్తుంది. బోర్డు మీద మీరు వేసి దించుకోమనడం ఇంకా నష్టం, పాత గుర్తు పోయి మీ గుర్తు వచ్చి కూర్చుంటుంది, అంతే. ఇప్పుడు నేర్పాల్సింది చూడడం. దానికి బాగా పనిచేసే అభ్యాసాలు ఎప్పటి నుంచో ఉన్నాయి. అమెరికన్ చిత్రకళా గురువు కిమాన్ నికొలాయిడిస్ తన విద్యార్థులచేత కాగితం వైపు చూడకుండా, కళ్లు వస్తువు అంచు వెంట మెల్లగా కదులుతుంటే పెన్సిల్ కూడా అంతే మెల్లగా కదిలేలా గీయించేవారు. ఇందులో ఎవరి బొమ్మా ‘బాగా’ రాదు, కాబట్టి ఎవరికీ సిగ్గు ఉండదు. నవ్వుకుంటూ గీస్తారు, ఆ వంకర గీతల్లోనే ఎప్పుడూ గమనించని వివరాలు దొరుకుతాయి. ఇంకోటి, ఒక గీతల బొమ్మను తలకిందులుగా పెట్టి అలాగే గీయమనడం. ముక్కు, చెయ్యి అని పేర్లు గుర్తురావు కాబట్టి గీత ఎటు వంగిందో, ఎంత దూరం పోయిందో చూడక తప్పదు. దీన్ని 1979లో అమెరికన్ డ్రాయింగ్ టీచర్ బెట్టీ ఎడ్వర్డ్స్ బాగా ప్రచారంలోకి తెచ్చారు. కుడి మెదడు, ఎడమ మెదడు అంటూ అప్పట్లో ఇచ్చిన వివరణ ఈనాటి శాస్త్రం ముందు నిలవదు, పిల్లలకు అలా చెప్పకండి. అభ్యాసం మాత్రం పనిచేస్తుంది. కుర్చీని వదిలేసి కుర్చీ కాళ్ల మధ్య ఖాళీల ఆకారాలు గీయడం మూడోది. ఇవి మొదటి పది నిమిషాల పనులు, పీరియడ్ అంతా వీటికే పెట్టనక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయం. మీరు ఈ టర్ములో ఒకే ఒక్క మార్పు చేయగలిగితే, ఒకే పనిని నాలుగు వారాలు నడపండి.

రాన్ బర్గర్ అనే ఉపాధ్యాయుడు తరచూ చూపించే ఉదాహరణ ఒకటి ఉంది. అమెరికాలోని బోయిసీ నగరంలో ఒకటో తరగతి పిల్లవాడు ఒక సీతాకోకచిలుకను ఫొటో చూసి, సైన్సు పుస్తకాల్లో ఉండేలా గీయాలి. మొదటి బొమ్మ ఏ పిల్లవాడైనా వేసే సీతాకోకచిలుకే. తోటి పిల్లలు దాన్ని ఫొటోతో పోల్చి చూసి రెక్కల ఆకారం గురించి మాత్రమే మాట్లాడారు. రెక్క ఇక్కడ ఇంకా కోసుగా ఉంది, కింది రెక్క వేరేగా ఉంది అని. పిల్లవాడు కొత్త కాగితం మీద మళ్లీ గీశాడు. ఆకారం కుదిరాక గానీ రెక్కల మీది చారల మాట ఎత్తలేదు. ఆరో బొమ్మ చూస్తే అది ఆ పిల్లవాడే గీశాడంటే నమ్మబుద్ధి కాదు. ఒకటో తరగతి పిల్లవాడండీ! అక్కడ పెద్దవాళ్లెవరూ చెయ్యి పట్టుకుని దిద్దించలేదు. ఒక్కోసారి ఒక్కో సంగతే మాట్లాడడం, మళ్లీ గీయడానికి కొత్త కాగితం ఇవ్వడం, ఈ రెండే జరిగాయి.

మీ నలభై నిమిషాల్లో ఇదెలా? మొదటివారం అందరూ ఒక వస్తువు చూసి గీస్తారు: ఒక చెప్పు, ఒక ఆకు, తాళంచెవుల గుత్తి, ఏదైనా. రబ్బరు వాడనివ్వకండి. షీటు వెనక పేరు, తేదీ రాయించి మీరే దాచండి. రెండోవారం మొదటి పది నిమిషాలు అయిదారు షీట్లు గోడకు పెట్టి ఆకారం గురించి మాత్రమే మాట్లాడించి, కొత్త షీటు మీద మళ్లీ గీయించండి. మూడోవారం వెలుగునీడలు గానీ, గీతల మందం గానీ, మీరు ఎంచుకున్న ఒక్క సంగతి. నాలుగోవారానికి వస్తువు పిల్లల చేతికి వచ్చేసి ఉంటుంది. అప్పుడు దాన్ని వాళ్లకు అప్పగించేయండి. ‘ఈ చెప్పు ఎవరిది? దాని చుట్టూ ఏముంది? ఎక్కడి నుంచి చూస్తున్నావు, పై నుంచా, చీమ చూసినట్టు కింద నుంచా?’ అని అడిగి వదిలేయండి.

‘ఇది పరిశీలన కదా, సృజన ఎక్కడ?’ అని మీరడగవచ్చు. ఆ నాలుగోవారంలో ఉంది. మొదటి మూడు వారాలు లేకపోతే ఆ నాలుగోవారం రాదు. ఈ విషయంలో నాకు ఎంతో విలువైనదిగా అనిపించే పరిశోధన జేకబ్ గెట్జెల్స్, మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయీ షికాగోలోని ఒక చిత్రకళా విద్యాలయం విద్యార్థులతో చేసింది. రెండు బల్లలు, ఒకదాని మీద 27 వస్తువులు. నచ్చినవి తీసుకుని రెండో బల్ల మీద అమర్చి, బొమ్మ గీయాలి. కొందరు వెంటనే రెండు మూడు వస్తువులు తీసుకుని మొదలుపెట్టేశారు. కొందరు చాలా వస్తువులు చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు, అమరిక మార్చారు, సగం గీశాక కూడా మనసు మార్చుకుని మళ్లీ మొదలుపెట్టారు. ఎవరి బొమ్మ ఎవరిదో తెలియని నిపుణులకు ఆ రెండో రకం విద్యార్థుల బొమ్మలే ఎక్కువ కొత్తగా కనిపించాయి. ఏళ్ల తర్వాత వాకబు చేస్తే కళారంగంలో నిలబడినవాళ్లలోనూ ఆ తీరువాళ్లదే పైచేయిగా ఉంది. ఏం గీయాలో వెతుక్కునే సమయంలోనే సృజన సగం జరుగుతుందన్నమాట. మనం టాపిక్ చెప్పి గంట చూసుకునే పద్ధతిలో ఆ వెతుకులాటకు చోటే లేదు.

వెతుకులాట అంటే హద్దుల్లేని స్వేచ్ఛ అనుకోకండి. గట్టి హద్దు, లోపల బోలెడు దారులు ఉండాలి. చిత్రకారుడు, చిత్రకళా గురువు జోసెఫ్ ఆల్బర్స్ రంగుల పాఠాలు చూడండి. ఆయన విద్యార్థులకు రంగు కాగితాల ముక్కలిచ్చి, ఒకే రంగును రెండు చోట్ల పెట్టి అవి రెండు వేర్వేరు రంగుల్లా కనిపించేలా చేయమనేవారు. చుట్టూ ఉన్న రంగును మార్చడమే కిటుకు. జవాబు సరిగ్గా కుదిరిందో లేదో ఎవరికి వారికే కళ్లకు తెలిసిపోతుంది, కానీ ఏ ఇద్దరి జవాబూ ఒకలా ఉండదు. కుంచె పట్టడం రాని పిల్లలు కూడా ఇందులో ముందుంటారు, అందుకే మీ పదకొండేళ్ల పిల్లలకు ఇది తప్పకుండా ఇచ్చి చూడమంటాను. ‘కత్తెర, నల్ల కాగితం మాత్రమే’, ‘మనిషిని గీయకుండా ఆ మనిషి గది గీయి’, ఇలాంటివి మీరే ఎన్నో అల్లగలరు.

స్టార్ల గురించి కొంచెం కటువుగానే చెప్పాలి, ఆపేయండి. 1973లో మార్క్ లెప్పర్, ఆయన సహచరులు బొమ్మలంటే ఇష్టపడే మూడు నుంచి అయిదేళ్ల పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. ‘గీస్తే సర్టిఫికెట్ ఇస్తాం’ అని ముందే చెప్పి గీయించిన పిల్లలు, ఒకటి రెండు వారాల తర్వాత స్వేచ్ఛగా ఆడుకునే సమయంలో, మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగం సేపే బొమ్మల దగ్గర గడిపారు. చెప్పకుండా చివర్లో ఇచ్చినవాళ్లలో ఆ తగ్గుదల లేదు. తెరీసా అమాబిలీ 1982లో ప్రచురించిన అధ్యయనంలో, బహుమతుల కోసం పోటీపడి కాగితపు ముక్కలతో బొమ్మలు అతికించిన అమ్మాయిల పనిలో, పోటీ లేకుండా చేసినవాళ్ల పనికంటే సృజన తక్కువగా ఉందని చిత్రకారులు తేల్చారు. ఇవి కొద్దిమంది పిల్లలతో చేసినవే, వీటితోనే అన్నీ తేలిపోవు. కానీ మీ బోర్డు మీద ఏ రకం బొమ్మకు స్టార్ పడుతుందో పిల్లలు ఎప్పుడో కనిపెట్టేసి ఉంటారు, అందరూ అదే వేస్తారు. బోర్డును ఉంచండి. స్టార్ పడిన బొమ్మల బదులు, ఒకే పిల్ల గీసిన నాలుగు షీట్లను వరసగా పెట్టండి. వారానికి ఇద్దరి చొప్పున, వంతులవారీగా, అందరివీ.

మార్కులు తప్పనిసరైతే నెలాఖరుకు వేయండి, షీటు చేతికిచ్చే రోజున మాత్రం వేయకండి. రూత్ బట్లర్ 1988లో ఇజ్రాయెల్ బడిపిల్లలతో చేసిన అధ్యయనంలో, వ్యాఖ్యలు మాత్రమే అందుకున్న పిల్లలు ముందుకు వెళ్లారు. మార్కులు మాత్రమే అందుకున్నవాళ్లు వెళ్లలేదు. రెండూ కలిపి అందుకున్నవాళ్ల ఫలితం మార్కులవాళ్లలాగే ఉంది. మార్కు కనబడగానే పక్కనున్న వ్యాఖ్యను ఎవరూ పట్టించుకోరు, టీచర్లందరికీ తెలిసిన సంగతే ఇది.

వ్యాఖ్య అంటే ‘బాగుంది’, ‘ఇంకా బాగా వేయాలి’ కాదు. ఈ రెండిటివల్లా పిల్లకు తర్వాత ఏం చేయాలో తెలియదు. ‘చెప్పు మడమ దగ్గర గీత గట్టిగా వచ్చింది, నాకు బరువు కనిపించింది. ముందు భాగంలో ఆ బరువు తెలియడం లేదు, అక్కడ ఏం చేయొచ్చంటావు?’ అన్నది వ్యాఖ్య. నృత్యకారిణి లిజ్ లెర్మన్ 1990లో రూపొందించిన ఒక క్రమం తరగతిలో చక్కగా నప్పుతుంది. ముందు చూసినవాళ్లు తమకు ఏది తగిలిందో చెబుతారు. తర్వాత గీసినవాళ్లే తమకు అనుమానం ఉన్నచోటు చూపించి అడుగుతారు. ఆ తర్వాత చూసినవాళ్లు అభిప్రాయం దాచిపెట్టిన ప్రశ్నలు కాకుండా నిజంగా తెలుసుకోవడానికి ప్రశ్నలు అడుగుతారు. అభిప్రాయం అన్నిటికన్నా చివర, అదీ గీసినవాళ్లు సరేనంటేనే. పదేళ్ల పిల్లలు ఈ పద్ధతిని పెద్దవాళ్లకంటే త్వరగా పట్టేస్తారు, ‘చెప్పనా?’ అని అడిగి చెప్పడం వాళ్లకు ఆటలా ఉంటుంది. షీటు మీద చెయ్యి అడ్డం పెట్టుకునే పిల్లకైతే, తన బొమ్మ గురించి ఎవరు ఎప్పుడు మాట్లాడాలో తానే నిర్ణయించుకోగలగడం గొప్ప ధైర్యం.

క్లాసులో అన్నిటికంటే ఎక్కువ నేర్పగలిగేది పిల్లలు గీస్తున్నప్పుడు మీరు బల్లల మధ్య తిరిగే సమయంలోనే. లోయిస్ హెట్లండ్, ఎలెన్ విన్నర్, వాళ్ల బృందం బోస్టన్ ప్రాంతంలోని రెండు ఆర్ట్స్ హైస్కూళ్లలో క్లాసులు వీడియో తీసి చూసినప్పుడు, ఉపాధ్యాయులు ఉపన్యాసం కొద్దిసేపే ఇచ్చి, ఎక్కువ సమయం అలా ఒక్కొక్కరి దగ్గర ఆగి మాట్లాడుతూ గడిపారని కనిపించింది. ఆ తరగతుల్లో పిల్లలకు అబ్బే ఎనిమిది అలవాట్లను వాళ్లు 2007లో పుస్తకంగా వివరించారు: నైపుణ్యం, పట్టు వదలకపోవడం, మనసులో ఊహించుకోవడం, భావం పలికించడం, పరిశీలించడం, చేసినదాని గురించి ఆలోచించడం, తెలియని చోటికి సాహసించడం, కళాలోకాన్ని అర్థం చేసుకోవడం. ప్రణాళిక పత్రంలో శీర్షికలు అడుగుతారు కాబట్టి ఇవి వాడుకోండి, మీ పనికి సరిపోయే మాటలు. టర్ముకు ఎనిమిదీ వద్దు, రెండు చాలు. బల్లల మధ్య తిరిగేటప్పుడు ఒక్క నియమం: పిల్ల షీటు మీద మీరు గీత గీయకండి. చూపించాలంటే పక్కన వేరే కాగితం మీద గీసి, ఆ కాగితాన్ని మీతో తీసుకెళ్లిపోండి.

యాజమాన్యానికి చూపించడానికి ప్రతి పిల్లకూ ఒక ఫోల్డర్ చాలు. 1980ల చివర పిట్స్‌బర్గ్ బడుల్లో ఆర్ట్స్ ప్రొపెల్ అనే కార్యక్రమం ఇలాగే చేసింది. ఫెయిర్ షీట్లతోపాటు రఫ్‌లు, వదిలేసిన ప్రయత్నాలు, పిల్లలు రాసుకున్న మాటలు అన్నీ అందులో ఉండేవి. మీరూ టర్ము చివర పిల్లలచేతే మొదటి షీటు, చివరి షీటు తీయించి ‘ఏం మారింది? ఎందుకు మార్చావు?’ అని రెండు మూడు వాక్యాలు రాయించండి. ‘ఎందుకు మార్చావు’కు పిల్ల ఇచ్చే జవాబే మీరడిగిన సృజనకు కొలత. మొదట్లో ‘మిస్ చెప్పారు కాబట్టి’ అని రాస్తారు. పోనుపోను ‘నాకు ఆ మూల ఖాళీగా ఉంటే ఒంటరిగా అనిపించింది’ లాంటి మాటలు వస్తాయి. అవి వచ్చిన ఫోల్డర్లను తీసుకెళ్లి యాజమాన్యం బల్ల మీద పెట్టండి.

ఇక మీ గురించి. ఆగిపోయానేమో అని దిగులుపడేవాళ్లు ఆగిపోయినవాళ్లు కారు. కానీ మీకూ రెండో షీటు కావాలి. ఇటలీలోని రెజ్జో ఎమీలియా పట్టణపు శిశు విద్యాలయాల్లో లోరిస్ మలగుజ్జీ, ఆయనతో పనిచేసినవాళ్లు పిల్లలు పని చేస్తుండగా ఫొటోలు తీసేవారు, వాళ్ల మాటలు రాసుకునేవారు, తర్వాత అవన్నీ ముందేసుకుని టీచర్లంతా కూర్చుని చర్చించి మర్నాటి పని నిర్ణయించుకునేవారు. మీకు అంత వెసులుబాటు ఉండదు. క్లాసు అయ్యాక ఒక నోటు పుస్తకంలో రెండు ముక్కలు రాయండి చాలు: ఎక్కడ పిల్లలు నిశ్శబ్దంగా మునిగిపోయారు, ఎక్కడ చెదిరిపోయారు. అదే పాఠం రెండో సెక్షన్‌లో చెప్పేటప్పుడు ఒక్కటి మార్చండి. ఒకే పాఠం చాలా సెక్షన్లకు చెప్పాల్సి రావడం విసుగే, కానీ అదే పని మార్చి మార్చి చేసి చూసే అవకాశం మిగతా టీచర్లలో ఎంతమందికి దొరుకుతుంది? వీలైనప్పుడల్లా పిల్లలతోపాటు అదే వస్తువును మీరూ గీయండి. మీ షీటు నచ్చకపోతే వాళ్లముందే పక్కనపెట్టి కొత్తది తీసుకోండి.

అన్ని సెక్షన్లలో ఒకేసారి మొదలుపెట్టవద్దు. ఆరో తరగతిలో ఒక్క సెక్షన్ తీసుకోండి, చెయ్యి అడ్డం పెట్టుకునే పిల్లలు ఎక్కువున్నదాన్నే. రెండోవారం అదే వస్తువు మళ్లీ బల్ల మీద పెట్టగానే ‘మిస్, ఇది అయిపోయింది కదా’ అని గోల చేస్తారు. చేయనివ్వండి. కిందటివారం షీట్లు పంచి, ‘మొన్న చూడనిది ఈ వస్తువులో ఇవాళ ఏం కనిపిస్తోంది, ముందు అది ఒకటి చెప్పండి’ అని అడగండి. మొదటి జవాబు రావడానికి కాస్త సమయం పడుతుంది. ఆ కాసేపూ మీరేమీ చెప్పకుండా ఆగండి.